నల్ల కాంటెస్సా మీద తెల్ల మచ్చలు: విజయనగరం, శ్రీకాకుళం, కళింగపట్నం

విజయనగరంలో పాత బండితో రాత్రి ఆగాల్సి వస్తే గది ఎలా ఉన్నా సర్దుకోండి. బండి పెట్టే చోటు మాత్రం మీరే వెళ్లి చూడండి. తలెత్తి పైకప్పు కూడా చూసి, అప్పుడు డబ్బు కట్టండి. మా బావ ముప్పయ్యేళ్లుగా కాపాడుకొస్తున్న రంగు ఆ ఒక్క రాత్రిలో ఏమైందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

వెళ్లింది నలుగురం. 1994 నాటి నల్ల కాంటెస్సా కారులో బావ, నేను. యెజ్డీ రోడ్‌కింగ్ బైకు మీద లెక్కల మాష్టారు, రిటైరై ఆరేళ్లయింది. యమహా ఆర్ఎక్స్ 100 బైకు మీద మా చిన్నాన్న కొడుకు. పాత బండ్లని పాత ఊళ్లలో నిలబెట్టి ఫొటోలు తీయడం మా నలుగురికీ ఉన్న ఇష్టం.

అమెరికా మజిల్ కార్ల బొమ్మలు చూసి పెరిగిన మా తరానికి ఇక్కడ దొరికిన ఆశ కాంటెస్సాయే. లెక్కప్రకారం అది మజిల్ కారు కాదని మాకూ తెలుసు. 1964లో పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న ఆ వరస వేరు, మధ్యరకం బాడీలో ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజను దించిన కార్లవి. కాంటెస్సాకి బాడీ వాక్స్‌హాల్ విక్టర్‌ది, మొదట్లో ఇంజను అంబాసిడర్‌ది. అంత బరువుని ఆ చిన్న ఇంజను ఈడ్వలేకపోయేది. ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, అయిదు గేర్లు వచ్చాకే దానికి ప్రాణం వచ్చింది. 2002లో తయారీ ఆపేశారు. కానీ ఆ పొడుగాటి బానెట్ ముందు మోకాలు నేలకానించి కెమెరాలోంచి చూడండి, ఏ దేశపు బండికీ తీసిపోదు.

శనివారం మధ్యాహ్నం వైజాగ్‌లో బయల్దేరి నాలుగున్నరకి విజయనగరం చేరాం. బస్టాండుకి దగ్గర్లో ఒక లాడ్జి. ఏసీ గదులు రెండు, ఒక్కోటి 1,700. కారుకి 200, రెండు బైకులకి చెరో 100, మొత్తం పార్కింగు 400. అంత ఎందుకండీ అంటే "రేకుల షెడ్డండి, ఎండా వానా తగలదు" అన్నాడు మేనేజరు. బావ ఆ మాటకే ఒప్పుకున్నాడు. అసలు ఆ షెడ్డు కోసమే ఆ లాడ్జి తీసుకున్నాం.

తెల్లారి అయిదింటికి కిందికి దిగి టార్చి వేస్తే నల్లటి బానెట్ నిండా తెల్ల చుక్కలు, సున్నం చిలకరించినట్టు. బానెట్‌కి సరిగ్గా పైన రేకుకి చిల్లు ఉంది. దాని మీదే ట్యాంకు పొర్లినప్పుడు నీళ్లు పోయే గొట్టం. అవి బోరు నీళ్లు. ప్రయాణం చేసొచ్చిన ఇంజను వేడికి బానెట్ కాలుతూ ఉంటుంది. పడిన చుక్క పడినట్టే ఆవిరై, నీళ్లలోని ఉప్పులన్నీ రంగుకి పట్టేశాయి. చిల్లు కింద నేల పాచి పట్టి ఉంది, అంటే రోజూ కారుతున్నదే. తెలిసీ 200 తీసుకుని అక్కడే పెట్టించాడు.

మేనేజర్ని లేపి చూపించాం. "నీళ్లే కదండీ, తుడుసుకుంటే పోద్ది. పాత బండికి ఇంత గోలేటి?" అన్నాడు. బావ ఒక్క మాట అనలేదు. మాష్టారు మాత్రం ఊరుకోలేదు. "నువ్వు డబ్బు తీసుకున్నది షెడ్డుకి. షెడ్డు కారింది. నా డబ్బు నాకివ్వు" అని అరగంట నిలదీశారు. పైసా ఇవ్వలేదు. రసీదులో పార్కింగు మాటే రాయలేదని అప్పుడు చూసుకున్నాం. మీరు తప్పకుండా రాయించుకోండి.

కోట దగ్గరికి మాత్రం వెళ్లాం. 1713 నాటి కోట. పెద్ద గుమ్మం తూర్పు ముఖం, పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది. ఆదివారం ఏడు లోపల వెళితే జనం ఉండరు. ఆ వెలుగులో నల్ల బండి అద్దమే. గుమ్మం, ఆకాశం, ఎదురుగా నిలబడ్డ మనిషి, అన్నీ దాని ఒంట్లో కనిపిస్తాయి. అందుకే మచ్చలున్న బానెట్‌ని తీయడానికి నాకు చేతులు రాలేదు. లెన్సుకి పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే బండి మీది మెరుపు పోతుంది గానీ మచ్చ పోదు. యెజ్డీని, ఆర్ఎక్స్‌ని తీసుకున్నాను. యెజ్డీలో నేను వదలకుండా తీసేది కిక్కు రాడ్డు. స్టార్టయ్యాక అదే ముందుకి వంగి గేరు రాడ్డవుతుంది. గంటస్తంభం దగ్గర అప్పటికే తోపుడు బళ్లు వచ్చేశాయి, ఆగలేదు.

శ్రీకాకుళం దాకా డెబ్భై కిలోమీటర్లు బావ పెదవి విప్పలేదు. బంకులో ఆగినప్పుడు మాష్టారు పెట్రోల్లో కలిపే టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు సీసా తీసి యెజ్డీ ట్యాంకులో కొలిచి పోస్తుంటే, వేరే ఆయిలు ట్యాంకున్న ఆర్ఎక్స్ కుర్రాడు ఎప్పటిలాగే ఆటపట్టించాడు. దానికీ బావ నవ్వలేదు.

ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక టీ కొట్టాయన చెబితే, టింకరింగు, పెయింటింగు చేసే ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్లాం. అరవై దాటి ఉంటాయి. బానెట్ మీద వేలితో రాసి చూసి, "బోరు నీళ్లా బాబూ?" అన్నాడు. పక్క కొట్లోంచి తెల్ల వెనిగరు తెప్పించి, సగానికి సగం నీళ్లు కలిపి, గుడ్డ తడిపి మచ్చల మీద కాసేపు పరిచి, మంచినీళ్లతో కడిగాడు. ముప్పావు వంతు పోయాయి. మిగిలినవాటికి కాంపౌండు, అంటే రంగు మీద రుద్దే పేస్టు. పాలిషు మిషను పెట్టమన్నాడు మా తమ్ముడు. పెద్దాయన వద్దన్నాడు. పాత రంగు అంచుల దగ్గర పల్చబడి ఉంటుంది, మిషను తగిలితే కింది పూత, ప్రైమరు బయటపడుతుంది, చేత్తోనే చెయ్యాలన్నాడు. మూడు గంటలు ఒంగున్న నడుము ఎత్తలేదు. చివరికి అడిగింది 350. బావ 1,000 చేతిలో పెడితే 650 లెక్కపెట్టి వెనక్కిచ్చాడు. "మంచి బండి. మళ్లీ ఎక్కడంటే అక్కడ పెట్టకండి" అన్నాడు. బావ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

భోజనం పక్క సందులో మెస్సులో, 120. పనసపొట్టు ఆవ పెట్టిన కూర, వేయించిన ఊరమిరపకాయలు, చివర్లో గ్లాసుడు చోడంబలి, అదే రాగి అంబలి. అంబలికి వేరే డబ్బు తీసుకోలేదు. మాష్టారు రెండుసార్లు పోయించుకున్నారు. ఆ రాత్రి గది 1,300, కారు మీద పిట్టలు రెట్టలేస్తాయని వాచ్‌మనే చెట్టు కింద నుంచి తీయించాడు.

రాత్రి మాష్టారు నౌపడా చిన్న రైలు గురించి చెప్పారు. 1900లో పర్లాకిమిడికి వేసిన రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య వెడల్పు) లైను, తర్వాత గుణుపూరు దాకా సాగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని మీద తిరిగారట. 2004లో ఆ గేజి ఎత్తేశారు. "ఒక్క ఫొటో తీసుకోలేదురా, రోజూ ఉండేదే కదా అనుకున్నాను" అన్నారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

సోమవారం నాలుగింటికే లేచి కళింగపట్నం. సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడానికి పావుగంట ముందు వెలుగు నల్ల బండికి అన్నిటికంటే మంచిది. నీడలుండవు, బానెట్ మీద ఆకాశం ఒక్క గీతలా పరుచుకుంటుంది. లైట్‌హౌస్ వెనక కనిపించేలా బండి పెట్టి, ముందు చక్రం కొంచెం తిప్పి, నేలకి జానెడు ఎత్తులోంచి తీశాను. ఎడమ మూల రెండు మచ్చలు ఇంకా కనిపిస్తున్నాయి. ఫొటోలో వాటిని చెరపకుండా అలాగే ఉంచాను. ఇసకలోకి దింపొద్దు, గట్టి రోడ్డు మీదే ఉంచండి. ఉప్పుగాలికి క్రోము పాడవుతుంది, అరగంట కాగానే మంచినీళ్లతో తుడిచేయండి.

మొత్తం మూడొందల కిలోమీటర్లు, కాంటెస్సా ఒక్కటే 34 లీటర్లు తాగింది, 3,700 పైన. తిరుగు దారిలో రణస్థలం దగ్గర బావ బండి పక్కకి ఆపి, దిగి, డ్రైవరు సీటు నాకు చూపించాడు. అప్పటిదాకా ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అయిదో గేరు వేసుకుని తగరపువలస దాకా నేనే నడిపాను. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తలుపు మీద మెల్లగా తడుతూ కూర్చున్నాడు.