రైతుల ఇంటర్వ్యూలు దాచడానికి వెరాక్రిప్ట్: ఐదేళ్లు వాడాక

పీహెచ్‌డీ కోసం ఉమ్మడి వరంగల్ జిల్లాలో అప్పులపాలైన పత్తి రైతుల ఇళ్లకు వెళ్లి రికార్డు చేసిన ఇంటర్వ్యూలు నా దగ్గర 140 దాకా ఉన్నాయి. ఎవరికి ఎంత బాకీ, వడ్డీ ఎంత, ఇంట్లో ఏం గొడవలయ్యాయి, అన్నీ పేర్లతో సహా చెప్పారు. ఒకామె మధ్యలో ఆగి "ఇది ఎవ్వలకు ఇనిపియ్యవు గద బిడ్డా" అని అడిగింది, ఆ మాట కూడా రికార్డింగులో ఉంది. అలాంటివాటిని మామూలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సుల్లో తిరగడం నావల్ల కాలేదు.

వెరాక్రిప్ట్ అంటే ఫైళ్లను పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చి (ఎన్‌క్రిప్ట్ చేసి) దాచే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్. అందులో 60 జీబీ కంటైనర్ ఒకటి, అంటే ఫైళ్లన్నీ లోపల దాచుకునే ఒకే పెద్ద ఫైలు, చేసుకున్నాను. పాస్‌వర్డ్ కొడితే ఇంకో డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, మూసేస్తే అదొక అర్థంకాని పెద్ద ఫైలు, అంతే. చేసేటప్పుడు లోపలి ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి) ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు.

నాకు దెబ్బ తగిలింది క్లౌడ్ దగ్గర. కంటైనర్‌లో ఎన్ని ఫైళ్లు చేర్చినా దాని తేదీ, సమయం మారకుండా ఉంచడం వెరాక్రిప్ట్ డిఫాల్ట్ సెట్టింగ్. దాంతో సింక్ సాఫ్ట్‌వేర్ మార్పేమీ లేదనుకుని కొత్తది ఎక్కించలేదు. ల్యాప్‌టాప్ పాడై క్లౌడ్ కాపీ తెరిచి చూస్తే చివరి మూడు నెలల ఇంటర్వ్యూలు లేవు! ఆ రాత్రి పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇంట్లో బీరువాలో పెట్టిన హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి బయటపడ్డాను. ప్రిఫరెన్సెస్‌లో ఆ టిక్కు తీసేయొచ్చు, కానీ నేను క్లౌడ్ కాపీకి క్రిప్టోమేటర్ అనే ఇంకో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌కి మారిపోయాను, అది ఒక్కో ఫైలునూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కాబట్టి మారినవే ఎక్కుతాయి.

పాస్‌వర్డ్ మర్చిపోతే ఇంక అంతే, రీసెట్ ఉండదు. నాది కాగితం మీద రాసి, సీల్ చేసిన కవర్లో అమ్మ దగ్గర పెట్టాను. టూల్స్ మెనూలో వాల్యూమ్ హెడర్ (కంటైనర్ తెరవడానికి కావాల్సిన సమాచారం ఉండే భాగం, అది పాడైతే పాస్‌వర్డ్ ఉన్నా తెరుచుకోదు) బ్యాకప్ కూడా తప్పకుండా తీసి వేరే చోట పెట్టండి. మూడు నెలలకోసారి ప్రతి కాపీనీ తెరిచి, ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌లు (ఫైలు కాస్త మారినా తేడా వచ్చే కోడ్‌లు) సరిపోల్చి, ఏదో ఒక రికార్డింగు పెట్టి వింటాను.

విసుగు తెప్పించేది ఒకటే: ముందే ఇన్‌స్టాల్ చేసి లేని విండోస్ కంప్యూటర్‌లో అడ్మిన్ హక్కులు లేకుండా కంటైనర్ తెరవలేం, అందుకని యూనివర్సిటీ ల్యాబ్‌లో వాడాలంటే సిస్టమ్స్ వాళ్లకు ముందే చెప్పి వేయించుకోండి.