బోస్టన్ లైట్ చూడ్డానికి ఏ బోట్ ఎక్కాలి, ఎక్కడ ఉండాలి

బోస్టన్ లైట్ అంటే బోస్టన్ హార్బర్‌లో లిటిల్ బ్రూస్టర్ దీవి మీదున్న లైట్‌హౌస్. ముందే చెప్తున్నా, పైకి ఎక్కేద్దాం అనుకుని రాకండి, ఆ దీవి మీద దింపే మామూలు టూర్లు ఆగిపోయి కొన్నేళ్లైంది. నీళ్లమీంచి చూడ్డమే.

ఇండియా నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చినప్పుడు మేం లైట్‌హౌస్ క్రూజ్ తీసుకున్నాం. రేటు ఎక్కువే, పైగా గైడ్ మైకు సగం గాలికే పోయింది, కానీ వినపడిన సగమే భలే ఉంది. ఇప్పటి అమెరికాలో మొట్టమొదటి లైట్‌హౌస్ ఇదే, 1716లో వెలిగింది. మొదటి కీపర్, అంటే దీపం చూసుకునే ఆయన, జార్జ్ వర్తీలేక్ రెండేళ్లకే భార్య, కూతురితో సహా నీళ్లలో మునిగి చనిపోయాడు, దానిమీద పాట కట్టింది ఎవరో తెలుసా, పన్నెండేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్! 1776లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు హార్బర్ వదిలి పోతూ పోతూ దీన్ని పేల్చేశారు, ఇప్పుడున్నది 1783లో మళ్లీ కట్టింది. 1998లో దీపం ఆటోమేటిక్ చేసినా కీపర్‌ని మాత్రం తీసేయలేదు, ఆఖరి కీపర్ శాలీ స్నోమన్ గారు 2023 చివర్లో రిటైరయ్యారు. "దీపం దానంతటదే వెలుగుతుంటే ఆవిడకేం పనమ్మా" అని మావయ్యగారి డౌటు. టవర్ చూసుకోవడం, వచ్చినవాళ్లకి కథ చెప్పడం, అదీ పనే కదండీ.

పిల్లలుంటే మాత్రం నా ఓటు హార్బర్‌లోనే ఉన్న జార్జెస్ ఐలాండ్ అనే ఇంకో దీవికే. సమ్మర్‌లో బోస్టన్‌లోని లాంగ్ వార్ఫ్ అనే బోట్ రేవు నుంచి ఫెర్రీ ఉంటుంది, అక్కడి ఫోర్ట్ వారెన్ అనే పాత కోటలో చీకటి గదులుంటాయి, టార్చ్ ఉంటే పిల్లలు బయటికే రారు, కోట గోడ మీంచి లైట్‌హౌస్ దూరంగా కనపడుతుంది. తిండి ఏదైనా కట్టుకెళ్లండి, మేం పులిహోర తీసుకెళ్లి బతికిపోయాం, అక్కడ వెజ్ అంటే ఫ్రైసే. డబ్బు ఆదా కావాలంటే హల్ అనే ఊరికి ఎంబీటీఏ (బోస్టన్ సిటీ రవాణా సంస్థ) ఫెర్రీ ఎక్కి అక్కడి ఫోర్ట్ రెవియర్ గుట్ట మీంచి చూడండి, దగ్గరగా కనపడుతుంది కానీ పెద్దవాళ్లకి ఆ ఎక్కుడు కష్టం.

ఉండడానికి హార్బర్ పక్కన హోటళ్ల రేట్లు వీకెండ్‌లో మండిపోతాయి, వ్యూ కోసం అంత పెట్టడం నాకైతే దండగ అనిపించింది. బోస్టన్ పక్కనున్న క్విన్సీలో తీసుకోండి, రెడ్ లైన్ మెట్రో ఎక్కి సౌత్ స్టేషన్‌లో దిగితే అక్కణ్ణుంచి లాంగ్ వార్ఫ్ నడకే, కారు తెస్తే మాత్రం పార్కింగ్‌కే టికెట్ల కంటే ఎక్కువ పోతుంది. జూలై అయినా జాకెట్ మర్చిపోకండి, బోట్ పైడెక్ మీద అత్తయ్యగారు చీర కొంగు పట్టుకోవడానికే సరిపోయింది.