పొందూరు పంచె: 12 ఏళ్లు కట్టాక

శ్రీకాకుళం జిల్లా పొందూరు, చేత్తో వడికిన నూలుతో నేసే సన్న ఖద్దరుకి పేరున్న ఊరు. నా దగ్గర రెండు పొందూరు పంచెలున్నాయి. ఒకటి 2013లో నాన్న స్వయంగా పొందూరు వెళ్లి తెచ్చింది. రెండోది 2017లో శ్రీకాకుళంలో ఒక కొట్లో 2,600 పెట్టి నేను కొన్నది. అది పొందూరుది కాదని ఆరేళ్లు కట్టాక తెలిసింది. అందుకే ఈ సమీక్ష సగం బట్ట గురించి, సగం నా బుర్ర గురించి.

ముందు బట్ట సంగతి. నాన్న తెచ్చినది ఉతికేకొద్దీ మెత్తబడింది. మే నెల ఉక్కలో కూడా ఒంటికి అంటుకోదు. నలగడం మాత్రం ఘోరం. ఏడురోడ్ల కూడలి దగ్గర ఆటో ఎక్కి అరసవల్లి గుడి దగ్గర దిగేసరికే ఇస్త్రీ ఆనవాలు ఉండదు. వాషింగ్ మెషీన్‌లో వేయకండి, ఒకసారి వేసి అంచు దగ్గర చీలిక తెచ్చుకున్నాను. చేత్తో ఉతికి నీడలో ఆరేస్తే చాలు.

ఇక రెండోది. అది కట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరిని కూర్చోబెట్టి కథ చెప్పేవాణ్ణి. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని, ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటు నూలు, అంటే చాలా సన్నటి నూలు, తీస్తారని, ఈ పని చూసి రమ్మని గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ను పంపారని. చెబుతున్నకొద్దీ పంచె ఇంకాస్త చల్లగా అనిపించేది. పాప అక్షరాభ్యాసానికీ అదే కట్టాను.

2023లో ఇంకొకటి కొందామని, అదే కట్టుకుని పొందూరు వెళ్లాను. రాట్నం ముందున్న పెద్దావిడ నా చెంగు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకి పట్టి చూసి, "ఇది మా నూలు కాదు బాబూ, మిల్లుది" అంది. చేత్తో తీసిన నూలులో అక్కడక్కడా సన్నం, లావు కనిపిస్తాయి. నా పంచెలో పోగులన్నీ గీత గీసినట్టు ఒకేలా ఉన్నాయి. చేప దవడ కథ చెప్పిన పెద్దమనిషికి ఇది కనబడలేదు!

తిరిగి ఆమదాలవలస దాకా రైల్లో ఆ పంచె దురద పెడుతూనే ఉంది. పొద్దున్న వెళ్లేటప్పుడు లేని దురద.

2008లో అమెరికాలో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి రుచి చూపించారు. 90 అన్నప్పుడే ఎక్కువ బావుందన్నారు. పైగా స్కానింగ్‌లో, ఆనందానికి సంబంధించిన మెదడు భాగం కూడా అప్పుడే ఎక్కువ చురుగ్గా కనిపించింది. అంటే వాళ్లు గొప్పకి చెప్పలేదు, వాళ్లకి నిజంగానే అలా అనిపించింది. నా చల్లదనం అలాంటిదే, దురదా అలాంటిదే. పోయిన 2,600 మాత్రం అలాంటిది కాదు.

మా ఆవిడ అంతటితో వదల్లేదు. కళ్లు మూసుకోమని రెండూ మార్చి మార్చి చేతికిచ్చింది. ఐదుసార్లలో రెండుసార్లు తప్పు చెప్పాను. ఇన్నేళ్ల అనుభవం!

అయినా ఆ రోజు పొందూరులో ఇంకొకటి కొనే వచ్చాను. ఇచ్చిన డబ్బులో కొంత నూలుకి, కొంత నాన్న మీద బెంగకి. తెలిసే ఇచ్చాను. మీరూ కొనదలిస్తే అక్కడికే వెళ్లండి, చెంగు వెలుతురుకి పట్టి చూడండి. నాన్న తెచ్చినదానికి ఐదుకి నాలుగు మార్కులు. నలుగుతుంది కాబట్టి ఒకటి తగ్గించాను.

రెండోదాన్ని తుడుపుగుడ్డ చేసేద్దామంది మా ఆవిడ. చించబోతూ చూస్తే, అక్షరాభ్యాసం నాటి పసుపు మరక అంచు మీద ఇంకా ఉంది. మడిచి బీరువాలో పెట్టేశాను.