గూగుల్ సెక్యూరిటీ చెకప్: విడిపోయిన మనిషి ఇంకా మన మెయిల్ చదువుతుంటే

నేను పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చాను. అయినా మా లాయర్ గారు నాకు రాసిన విషయం రెండు రోజులు తిరక్కుండా విడిపోయిన మా ఆయన నోట మా నాన్నకి ఫోన్‌లో వినిపించేది. కొట్టిన మనిషి దగ్గర్నుంచి బయటపడి ఆరు నెలలైనా ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి ఒక ఆదివారం అక్క వాళ్ళింట్లో, తన ల్యాప్‌టాప్ మీద (నా ఫోన్ అతని చేతుల్లో చాలాసార్లు పడింది, అందులో ఏం పెట్టాడో తెలియదు), గూగుల్ అకౌంట్‌లోని సెక్యూరిటీ చెకప్, అంటే మన అకౌంట్ భద్రంగా ఉందో లేదో చూపించే పేజీ, తెరిచాను. పైసా ఖర్చు లేదు, భాష తెలుగు పెట్టుకోవచ్చు.

రికవరీ ఫోన్ (పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ పంపే నంబరు) దగ్గర కనిపించిన నంబరు చూసి కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. అతనిదే. పెళ్ళైన కొత్తలో ఈ మెయిల్ తెరిచిపెట్టింది తనే, ఆ తర్వాత నేనెప్పుడూ ఆ పేజీకి వెళ్ళలేదు. వెంటనే మార్చాను. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి, నంబరు మార్చాక కూడా ఏడు రోజుల వరకు పాత నంబరుకి కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఉంచుతుంది. దొంగ నంబరు మార్చేస్తే అసలు మనిషి నష్టపోకూడదని అలా పెట్టారు, అర్థం చేసుకోగలను, కానీ మనలాంటి వాళ్ళకి ఆ వారం గండమే.

చెకప్‌తో ఆగిపోకండి. అసలు సంగతి జీమెయిల్ సెట్టింగ్స్‌లో దొరికింది. ఫోన్ యాప్‌లో ఇది కుదరదు, కంప్యూటర్‌లోనే చూడాలి. ఫార్వర్డింగ్ అన్నచోట అతని ఆఫీసు అడ్రసు ఉంది. నాకొచ్చే ప్రతి మెయిల్ కాపీ నేరుగా అటు పోతోంది, పాస్‌వర్డ్‌కీ దానికీ సంబంధమే లేదు. నేను వీధి తలుపుకి తాళాలు మారుస్తూ కూర్చున్నాను, దొడ్డి గుమ్మం బార్లా తెరిచే ఉంది! తీసేసే ముందు అక్క తన ఫోన్‌తో ఆ పేజీ ఫొటో తీసింది, లాయర్ గారు దాన్నే మొదట అడిగారు. ఫిల్టర్లు (ఫలానా మెయిల్స్ వస్తే ఏం చేయాలో ముందే పెట్టే రూల్స్), మన మెయిల్ ఇంకొకరు చదివేలా ఇచ్చే అనుమతి, ఈ రెండూ కూడా చూడండి.

రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడగడం) విషయంలో నాకు ఇంకో చిక్కు. నా సిమ్ కూడా అతని ఆధార్ మీదే తీసుకున్నది, అంటే డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీలన్నీ అతనికే. మన ఆడవాళ్ళలో ఎంతమంది సిమ్‌లు భర్తల పేరు మీద ఉన్నాయో, ఒకసారి చూసుకోండమ్మా. నా పేరు మీద కొత్త సిమ్, కొత్త ఫోన్ తీసుకుని, ఎస్సెమ్మెస్ కాకుండా ఫోన్‌లోనే కోడ్‌లు తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకున్నాను. ఫోన్ దగ్గర లేనప్పుడు వాడుకునే పది బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి అక్క బీరువాలో దాచాను.

ఈ చెకప్‌కి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఫోన్‌లో నిఘా యాప్ ఉంటే ఇది పట్టుకోలేదు. ఇంకా అదే ఇంట్లో ఉంటున్నవాళ్ళు మాత్రం తొందరపడి ఇవేవీ మార్చకండి, మార్చగానే అతనికి అలర్ట్ వెళ్ళొచ్చు, దాని కోపం మీ మీదే పడుతుంది. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ, హింసకు గురైన ఆడవాళ్ళకి సాయం చేసే దగ్గర్లోని సఖి కేంద్రానికి గానీ వేరే ఎవరి ఫోన్ నుంచైనా మాట్లాడండి.