30 రోజుల్లో ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు: ఈ కోర్సు కొనకండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆర్కెస్ట్రాల్లో పాడే పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఈ సంగతి చెప్పాలి. ‘30 రోజుల్లో ఫ్రెడ్డీ మెర్క్యురీలా పాడండి’ అని ఫోన్లలో తెలుగులోనూ ఒడియాలోనూ ఒక ప్రకటన తిరుగుతోంది. ఫ్రెడ్డీ అంటే బ్రిటన్ రాక్ బ్యాండ్ ‘క్వీన్’లో పాడిన గాయకుడు. ఆ ప్రకటన జోలికి పోకండి. మా అక్క కొడుకు రూ.4,999 కట్టి చేరాడు. డబ్బు పోయింది, గొంతూ పాడైంది. నా కోపమంతా ఆ రెండో దాని గురించే.

లైవ్ క్లాసులన్నారు. తీరా ఇచ్చింది ఎప్పుడో రికార్డు చేసిన వీడియోలు. వాడి గొంతు ఒక్కసారైనా ఎవరూ వినలేదు. పై స్వరాల్లో ఎంతవరకు హాయిగా పాడగలడో అడగలేదు. గొంతు బిగించు, గాలి గట్టిగా తొయ్యి, గరగర వచ్చేదాకా ఆపకు... చెప్పిందంతా ఇదే. నొప్పి పుడితే గొంతు తెరుచుకుంటోందని కూడా నేర్పారు. పాట నేర్పేవాళ్లు అనకూడని మాట అది. నొప్పి పుట్టగానే ఆపేయాలి.

ఫ్రెడ్డీ గొంతు మీద యూరప్ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక రాక్ గాయకుడి చేత ఆ బాణీలో పాడించి, హైస్పీడ్ కెమెరాతో గొంతు లోపల చూశారు. గొంతులో శబ్దం పుట్టించే స్వరతంత్రులతో (వోకల్ కార్డ్స్) పాటు వాటికి పైనుండే మడతలు కూడా కంపించడం వల్లే ఆ గరగర వచ్చి ఉండొచ్చని వాళ్ల అంచనా. అలా పాడి చూపించింది బాగా అనుభవమున్న గాయకుడు. దాన్నే మన పిల్లలకు నెలలో వస్తుందని అమ్ముతున్నారు! ఫ్రెడ్డీ మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకునే రోజుల్లోనే పియానో నేర్చుకుని, స్కూలు బ్యాండులో వాయించిన మనిషి. అంతటి ఆయనకే 1975 అమెరికా టూర్‌లో గొంతు చెడి కొన్ని షోలు రద్దయ్యాయి.

మావాడికి పొద్దున లేస్తే మాట పెగలడం లేదు. విశాఖలో ఈఎన్‌టీ డాక్టరు స్కోపు పెట్టి చూసి, స్వరతంత్రుల మీద బొడిపెలు వచ్చాయన్నారు. ఇప్పుడు గొంతుకు విశ్రాంతి, వాయిస్ థెరపీ. గుసగుసగా మాట్లాడడం కూడా వద్దన్నారు. దసరా ప్రోగ్రాములన్నీ వదులుకున్నాడు, పాపం.

చేరేముందే రీఫండ్ ఉంటుందని రాసిచ్చారు. అడగ్గానే యాప్‌లో లాగిన్ మూసేసి, నంబరు బ్లాక్ చేశారు. అందుకే, ఇప్పటికే కట్టినవాళ్లు రీఫండ్ అడగకముందే ప్రకటన, చాటింగ్, యూపీఐ రసీదు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేం చేశాం, ఫిర్యాదు నమోదైంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఆ వీడియోలు చూసి సాధన చేస్తున్నవాళ్లు మాత్రం ఈరోజే ఆపేయండి. బొంగురు రెండు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.