సరటోగా టెంప్లేట్లా, వీవెక్స్ స్కిన్నా?

మేడ మీద వెదర్ స్టేషన్ పెట్టుకున్నవాళ్లు ఈ మధ్య నన్ను ఇదే అడుగుతున్నారు. ఇచ్ఛాపురం నుంచి ఇద్దరు, బరంపురం నుంచి ఒకాయన. "స్టేషన్ నడుస్తోంది, సైటుకి చోటు కొన్నాం, పేజీలకి ఏది పెట్టమంటారు?" అని. పర్లాకిమిడిలో నా సైటుని పోయిన దసరా సెలవుల్లోనే సరటోగా నుంచి వీవెక్స్‌కి మార్చాను కాబట్టి చెప్పగలను.

సరటోగా టెంప్లేట్లు అంటే వెదర్ సైటుకి ముందే రాసిపెట్టిన పేజీలు. పీహెచ్‌పీలో, అంటే సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం భాషలో ఉంటాయి. ఇంట్లోని సాఫ్ట్‌వేర్ అంకెల ఫైలు పంపిస్తే చాలు, పేజీ సర్వర్‌లో తయారవుతుంది. మెనూలు, చంద్రకళలు, పాత రికార్డులు అన్నీ అమర్చే ఉంటాయి. మొదటిరోజు ముచ్చటేస్తుంది. దించుకునేటప్పుడు వరల్డ్ సెట్ తీసుకోండి. అమెరికా సెట్‌లో ఉండే వాళ్ల వాతావరణ శాఖ పేజీలు మనకెందుకు? ఇలాంటి స్క్రిప్టులు బయటివాళ్ల మీద ఆధారపడతాయని కూడా గుర్తుంచుకోండి. డార్క్ స్కై అనే సర్వీసు ఇచ్చే వాతావరణ సూచనలు పెట్టుకున్నవాళ్లకి 2023 మార్చి 31తో అవి ఆగిపోయాయి.

వీవెక్స్ స్టేషన్ అంకెలు తీసుకునే సాఫ్ట్‌వేర్, పేజీకి రూపమిచ్చే ఫైళ్లే దాని స్కిన్. పేజీని ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీదే 5 నిమిషాలకోసారి వండి పంపుతుంది. సర్వర్‌లో నడిచేదేమీ ఉండదు, ఉత్త హెచ్‌టీఎంఎల్.

నా మటుకు తేల్చేది తుఫాను రాత్రే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఈ సరిహద్దున మన పేజీ జనం చూసేది అలాంటి రోజుల్లోనే. మా హోస్టింగ్ వాళ్లు చెప్పాపెట్టకుండా పీహెచ్‌పీ 8కి మారిస్తే, సరిగ్గా అల్పపీడనం రోజున నా పాత టెంప్లేట్ల పేజీ నిండా వార్నింగులు. ఆ సాయంత్రమంతా టెన్షనే. ఉత్త హెచ్‌టీఎంఎల్‌కి ఆ బాధ లేదు.

దానికి వేరే తంటా ఉంది. కరెంటు పోతే చివరి పేజీ అలాగే ఉండిపోయి, "ఇప్పుడు గాలి 22 కి.మీ." అని రాత్రంతా చూపిస్తుంది. పక్కూరివాళ్లు దాన్ని నమ్మితే? అందుకే టెంప్లేట్‌లో చివరి రీడింగ్ సమయం సెకన్లలో పెట్టి, చూసేవాళ్ల గడియారంతో పోల్చే నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ రాశాను. 15 నిమిషాలు దాటితే పైన ఎర్రపట్టీ: "డేటా ఆగింది". స్కిన్ ఏదైనా ముందు ఈ పని చేయండి.

తెలుగు పేజీ కావాలంటే వీవెక్స్ స్కిన్‌లో ఇంగ్లిష్ భాషా ఫైలుని కాపీ చేసి మాటలు మార్చడమే. గ్రాఫులతోనే చిక్కు. అవి బొమ్మలుగా తయారవుతాయి కాబట్టి తెలుగు అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. ఫాంటు మార్చినా "వర్షం"లో ఒత్తు విడిపోయింది. వీవెక్స్‌కే ఉన్న బెల్చర్‌టౌన్ అనే స్కిన్ గ్రాఫుల్ని బ్రౌజర్‌లో గీస్తుంది, అక్కడ ఒత్తులు కుదురుగా ఉంటాయి.

విండోస్ కంప్యూటర్ ఎలాగూ ఆన్‌లో ఉంటే కుమ్యులస్ ఎంఎక్స్ అనే వెదర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పేజీలే చాలు. రోజుని ఉదయం 9కి మొదలుపెట్టే వీలుంది, మన వాతావరణ శాఖ వాన లెక్క 8:30కి దగ్గర.

ఇచ్ఛాపురం వాళ్లిద్దరికీ వీవెక్సే చెప్పాను. బరంపురం ఆయన్ని మాత్రం సరటోగా పెట్టుకోమన్నాను. ఆయన ఉద్యోగమే పీహెచ్‌పీ.