యాభై అడుగుల రాగి చుట్ట, ఐదేళ్ల వాడకం తర్వాత: రాగి బంగారం, జాయింటు దండగ

ఇంట్లో బీరు కాచేటప్పుడు మరిగిన వర్ట్‌లో (మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ, నుంచి తీసిన, ఇంకా బీరు కాని తీపి రసం) దింపి, లోపల చల్లటి నీళ్లు పారించి దాన్ని చల్లార్చే రాగి గొట్టం చుట్టే ఈ చిల్లర్. ఇందులో రాగి మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా దాని చివర్లకు తొడిగి ఇచ్చిన వినైల్ గొట్టం మీద, దాన్ని పట్టి ఉంచాల్సిన స్క్రూ క్లాంపు మీద. ఐదేళ్లలో ఈ వస్తువు ఒక్కసారే ముంచింది, అదీ ఆ అంగుళం జాయింటు దగ్గరే. అమ్మేవాళ్లు చుట్ట పొడవు, మందం, మెరుపు గురించి పేజీ నిండా రాస్తారు. జాయింటు గురించి ఒక్క ముక్క ఉండదు.

ఎక్కడ, ఎలా వాడానో ముందే చెప్పేస్తాను. డాలస్ పక్కన గరాజ్‌లో, 10 గాలన్ల కెటిల్‌లో (బీరు కాచే పెద్ద గిన్నె), నెలకో 5 గాలన్ల (19 లీటర్ల) బ్యాచ్. గొట్టం 3/8 అంగుళం, 50 అడుగులు, ఒకటే చుట్ట. కింద డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. (గరాజ్‌లో దీన్ని చూసి సారా బట్టీ అనుకునే చుట్టాలకు ఒక మాట: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా బీరు కాచుకోవచ్చు. సారా కాయడానికి మాత్రం ఆ చట్టంలో అలాంటి మినహాయింపు లేదు.)

జరిగింది ఇదీ. మంట ఆపి కుళాయి తిప్పగానే చుట్టలోంచి మొదట బయటికొచ్చే నీళ్లు దాదాపు 180 డిగ్రీలుంటాయి. చల్లగా ఉన్నప్పుడు బిగించిన క్లాంపు వినైల్‌ని గట్టిగానే పట్టుకుంటుంది. ఆ వేడి తగిలాక వినైల్ ఉడికిన సేమ్యాలా మెత్తబడి క్లాంపు కింద నలిగి పలచబడుతుంది. క్లాంపు మాత్రం ఎక్కడ బిగించామో అక్కడే ఉంటుంది. ఆ రెంటి మధ్య సందులోంచి సెకనుకో చుక్క. నాకు వచ్చిన చుట్టలో రెండు చివర్లూ నిట్టనిలువుగా పైకి లేచి కెటిల్ అంచుకు లోపలే ఆగిపోయాయి, అంటే జాయింటు సరిగ్గా వర్ట్ నెత్తిమీద. చుక్క గొట్టం వెంట జారి నేరుగా వర్ట్‌లోకి దిగుతుంది. చూసినా అనుమానం రాదు. ఆవిరికి గొట్టం చెమర్చిందిలే అనుకుంటాం.

సెకనుకో చుక్కంటే నిమిషానికి 3 మిల్లీలీటర్లు, ఇరవై నిమిషాలకు 60, ఇరానీ హోటల్ చాయ్ కప్పులో సగం. 19 లీటర్లలో అదెంత అనిపిస్తుంది. వర్ట్ 160 డిగ్రీల పైన ఉన్నంతసేపు నిజంగానే లెక్కలోకి రాదు, ఆ వేడికి సూక్ష్మజీవులు చస్తాయి. ఆ తర్వాత పడే చుక్కలే ప్రమాదం. క్లాంపు స్క్రూ గాట్లలో ఏడాదిగా పేరుకున్న జిగటంతా వాటితో పాటు దిగుతుంది. ఆ బ్యాచ్ గ్రావిటీ (చక్కెర పులిసేకొద్దీ తగ్గే సాంద్రత) 1.012 దగ్గర ఆగాల్సింది, ఆగింది కూడా. తర్వాత మూడు వారాల్లో మెల్లగా 1.004కి జారింది. పైన పాలమీగడలా ముడతలు పడ్డ తెల్లటి పొర, మూత తీస్తే ఆసుపత్రిలో కట్టు విప్పినప్పటి వాసన. గ్రావిటీ జారడం, పొర కట్టడం బయటి సూక్ష్మజీవుల పనే. వాసనకు మాత్రం ఇంకో అనుమానితుడున్నాడు. డాలస్ నీళ్లలో శుద్ధికి కలిపే క్లోరమైన్ ఉంటుంది, అది క్లోరిన్‌లా మరిగిస్తే తేలిగ్గా పోదు. అందుకే బ్రూయింగ్ నీళ్లలో 20 గాలన్లకు ఒక క్యాంప్‌డెన్ (సల్ఫైట్) బిళ్ల కలిపి దాన్ని వదిలించుకుంటాం. అంత జాగ్రత్తా పడి, చివర్లో అవే నీళ్లను చుక్క చుక్కగా మళ్లీ మనమే పోస్తున్నామన్నమాట. దాదాపు 48 సీసాల సరుకు మోరీ పాలు.

ఇందులో సగం తప్పు నాదే. నీళ్ల ఉరవడి తగ్గించుకోవడానికి వాల్వును బయటికెళ్లే వైపు పెట్టాను. అలా పెడితే వాల్వు మూసిన ప్రతిసారీ ఇంటి పైపుల ఒత్తిడి, 60 పీఎస్ఐ అనుకోండి, మొత్తం చుట్ట మీద, ముఖ్యంగా ఆ మెత్తబడ్డ జాయింటు మీద పడుతుంది. వాల్వు ఎప్పుడూ నీళ్లు లోపలికొచ్చే వైపే ఉండాలి, బయటి చివర బార్లా తెరిచి ఉండాలి. ఈ ముక్క పెట్టె మీద అచ్చు వేస్తే కంపెనీవాళ్ల సొమ్మేం పోదు. వేయలేదు.

మరమ్మతుకు అయిన ఖర్చు ఒక బ్యాచ్ మాల్ట్ ఖరీదు కన్నా తక్కువే. ముందు రెండు చివర్లనూ స్ప్రింగ్ బెండర్‌తో వంచి, కెటిల్ అంచు దాటి మూడంగుళాలు బయటికి తెచ్చి, మూతిని కాస్త కిందికి తిప్పాలి. ఇక జాయింటు కారినా నేల మీదే కారుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే, మిగతావి దీని తర్వాతే. వేడి నీళ్లు వచ్చే వైపు వినైల్ తీసేసి అల్లిక ఉన్న సిలికాన్ గొట్టం వేశాను. చల్ల నీళ్ల వైపు 3/8 కంప్రెషన్ నుంచి 3/4 అంగుళం గార్డెన్ హోస్ మరకు మార్చే ఇత్తడి ఫిట్టింగు. గొట్టాన్ని ట్యూబ్ కట్టర్‌తో సమంగా కోయాలి, లోపలి గరుకు అంచు గీకేయాలి, ఫెర్రూల్ (గొట్టాన్ని పట్టే చిన్న ఉంగరం) ఎక్కించి నట్టు చేత్తో బిగిసేదాకా తిప్పి, రెండు పానాలతో ఇంకొక్క చుట్టు. అంతకు మించి బిగిస్తే మెత్తటి రాగి నలుగుతుంది. కంప్రెషన్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. అక్కడ నీటిని ఆపేది ఫెర్రూలే, మరలు కాదు. హోస్ చివర ఆపేది రబ్బరు వాషరు, అదెండిపోయి పగుళ్లు పట్టాక ఎంత టేపు చుట్టినా లాభం లేదు.

బ్రూ రోజున పరీక్ష: చుట్టను బయటే పెట్టి రెండు జాయింట్లకూ టిష్యూ కాగితం చుట్టి రెండు నిమిషాలు నీళ్లు వదలాలి. కాగితం మీద మచ్చ పడిందా, పానా అందుకోవాలి. తర్వాత చుట్టలో మిగిలిన నీళ్లు ఊదేయాలి. ఊదకుండా మరిగే వర్ట్‌లో దింపితే లోపలి నీళ్లు ఆవిరై గొట్టం మూతిలోంచి చిమ్ముతాయి. చివరి పదిహేను నిమిషాల ఉడుకులో చుట్టను దింపేది సూక్ష్మజీవులు చావడానికే గనుక ఈ దశ తప్పదు. మొహం మాత్రం ఆ మూతికి ఎదురుగా ఉండకూడదు.

మొదటి ఏడాది దీని గురించి అడిగినవాళ్లందరికీ ‘ఇరవై నిమిషాల్లో 68 డిగ్రీలు’ అని చెప్పాను. అది అబద్ధం కాదు, కానీ అది జనవరి మాట. ఆగస్టులో ఇక్కడ కుళాయి నీళ్లే 86, 88 డిగ్రీలుంటాయి. చుట్ట ఎంత పొడవున్నా వర్ట్ ఆ నీళ్లకన్నా చల్లబడదు. 212 నుంచి 105 దాకా పన్నెండు నిమిషాల్లో దిగుతుంది, ఆ తర్వాత అరగంట నీళ్లు పారబోసినా 95 దగ్గరే కూర్చుంటుంది. అది కూడా చుట్టను పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటేనే. ఆడించకుండా వదిలేస్తే రాగిని ఆనుకున్న వర్ట్ మాత్రమే చల్లబడి, చుట్టూ వేడి వర్ట్ అలాగే ఉండిపోతుంది. చేత్తో ఆడించేసరికి నాకు దాదాపు సగం సమయం తగ్గింది. ఇంకో పాతిక అడుగుల రాగి కొన్నా అంత తగ్గదేమో.

వేసవికి మందు ఐస్, కానీ మొదటినుంచీ కాదు. లెక్క చూడండి. 19 లీటర్లను మరిగే వేడి నుంచి 105కి దించడానికి సుమారు 4,700 కిలోజౌళ్ల వేడి తీయాలి. 105 నుంచి 65కి తేవడానికి సుమారు 1,800 చాలు. మొదటి భాగాన్ని కుళాయి నీళ్లకే వదిలేసి, రెండో భాగానికే ఐస్ ఖర్చుపెట్టాలి. కిలో ఐస్ కరిగి, ఆ నీళ్లు కాస్త వెచ్చబడేసరికి సుమారు 400 కిలోజౌళ్లు లాగుతుంది, అంటే కాగితం మీద నాలుగున్నర కిలోలు చాలు. గరాజ్ వేడి, బకెట్ వేడి కలుపుకుంటే 20 పౌండ్ల సంచి ఒకటి పడుతుంది. బకెట్లో ఐసు, కాసిని నీళ్లు, ఫౌంటెన్లకు వాడే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు. బయటికొచ్చే గొట్టాన్ని తిరిగి బకెట్లోకే వదిలితే అవే నీళ్లు తిరుగుతాయి. ఐస్ బకెట్లో ఇంకో చుట్ట పెట్టి కుళాయి నీళ్లను ముందే చల్లార్చే పద్ధతి కూడా చూశాను. నీళ్లు అందులోంచి పరుగెత్తిపోతాయి, ఐస్‌ను కలుపుతూ ఉండకపోతే ఫలితం అంతంతమాత్రం. వర్ట్‌ని కలపాలి, ఐస్‌నీ కలపాలి, చేతులు రెండే.

ఈ పంపు దగ్గరే 50 అడుగుల సన్న గొట్టం అసలు గుణం బయటపడింది. పంపు పెట్టె మీద గంటకు 300 గాలన్లని ఉంది. ఆరడుగుల ఎత్తుకు తోసేంత బలమే ఉన్న పంపు అది. మూడో వంతు అంగుళం కూడా లేని రంధ్రంలో యాభై అడుగులు నెట్టాలంటే, ఒక గాలన్ నిండడానికి రెండు నిమిషాలు పట్టింది. కుళాయి ఒత్తిడికి తెలియని ఇరుకుతనం చిన్న పంపుకి వెంటనే తెలుస్తుంది.

అందుకే రెండోది నేనే చుట్టుకున్నాను. అదే 3/8 మెత్తరకం రాగి 50 అడుగుల రోలు, మధ్యకు కోసి రెండు పాతిక అడుగుల చుట్టలు. ఒకటి 9 అంగుళాల కెగ్ (బీరు పీపా) మీద, ఒకటి గాలన్ పెయింటు డబ్బా మీద చుట్టి ఒకదాని లోపల ఒకటి దించి, రెండు వైపులా ‘టీ’లతో (మూడు మూతుల ఫిట్టింగులు) కలిపాను. టీలు కెటిల్ బయటే ఉన్నాయి. వర్ట్‌లో మునిగే చోట జాయింటన్నదే ఉండకూడదు. అదే రాగి, అదే పంపు, కానీ నీళ్లు ఇప్పుడు మునుపటికి మూడింతలకు దగ్గరగా వస్తున్నాయి. ప్రయాణం సగమైంది, దారులు రెండయ్యాయి. చుట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఒలిచిన రాగి తీగతో జడలా అల్లి వేలెడు సందు ఉంచాను. చుట్టను కెటిల్ అడుగున కూర్చోబెట్టకుండా కాస్త పైన వేలాడదీస్తే మంచిది. చల్లబడ్డ వర్ట్ ఎలాగూ కిందికే దిగుతుంది.

కొనేటప్పుడు ఒక మోసం, నిజానికి మోసం కాదు, రివాజు. ఏసీ, ఫ్రిజ్ పనులకు అమ్మే రాగి గొట్టాన్ని బయటి కొలతతో పిలుస్తారు. నీళ్ల పైపుల వరసలో ఉండే గొట్టాన్ని పేరుకొలతతో పిలుస్తారు, దాని బయటి కొలత పేరుకన్నా 1/8 అంగుళం ఎక్కువ. ‘అర అంగుళం’ అని రెండు వరసల్లో రెండు కొని ఫిట్టింగు పట్టక తిరిగి షాపుకి వెళ్లడం ఈ పనిలో మామూలే. వంచేటప్పుడు నొక్కు పడకుండా లోపల మెత్తటి ఉప్పు నింపి మూతులు మూయండి, పనయ్యాక నీళ్లతో కడిగితే పోతుంది. ఇసుక అయితే మూలల్లో పట్టుకుని ఓ పట్టాన రాదు. వంచిన కొద్దీ రాగి గట్టిపడుతుంది కాబట్టి ఒకే చోట ముందుకీ వెనక్కీ సవరించకూడదు. ఒకసారి నొక్కుకుపోతే ఆ చోటిక అంతే.

నిర్వహణకు చింతపండు చాలు. వర్ట్ పుల్లనిది కాబట్టి నల్లబడ్డ చుట్ట దింపితే తళతళలాడుతూ బయటికొస్తుంది, అంటే ఆ నలుపు వర్ట్‌లోకి పోయిందన్నమాట. పలచటి నలుపుతో పెద్ద ప్రమాదం లేదు గానీ పచ్చటి చిలుము కనిపిస్తే మాత్రం అది విషమే, వదిలించకుండా దింపకూడదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి ఆ గుజ్జుతో తోమి, శుభ్రంగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెడితే చిలుము పట్టదు. ఇత్తడి బిందెలు తోమిన ఇళ్లవాళ్లకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. శానిటైజర్ యాసిడ్ ద్రావణంలో మాత్రం రాత్రంతా వదిలేయొద్దు.

ప్లేట్ చిల్లర్ (పలకల మధ్య వర్ట్‌నీ నీళ్లనీ పారించే రకం) జోలికి నేను పోలేదు. అది వేగమైనదే. కానీ హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) పిప్పి, చల్లబడ్డప్పుడు తరకల్లా విరిగే ప్రొటీన్ దాని పలకల మధ్య ఇరుక్కుంటే కంటికి కనపడవు. చుట్టయితే ఆ మడ్డి కెటిల్ అడుగునే ఉండిపోతుంది, పావుగంట ఆగి పైది తీసుకోవచ్చు. ఇది నా చాదస్తం కూడా కావచ్చు. హాప్స్ తక్కువ వేసేవాళ్లకు, మంచి వడపోత ఉన్నవాళ్లకు అదే సుఖమేమో.

నీళ్లు బ్యాచ్‌కు 35 గాలన్ల దాకా పోతాయి. మొదటి 8 గాలన్లు పొగలు కక్కుతూ వస్తాయి గనుక కెగ్‌లు, గొట్టాలు కడగడానికి పట్టుకుంటాను. మిగతావి చల్లారాకే కరివేపాకు కుండీకి.

కొనమంటారా అంటే, బయట కుళాయి ఉండి, నెలకొకసారైనా కాచేవాళ్లయితే నా వరకు ఔననే అంటాను, తెచ్చిన రోజే జాయింట్లు మార్చుకునే పనైతే. అపార్టుమెంటు వంటింటి కుళాయికైతే 55/64 మర అడాప్టరు వెతుక్కోవాలి, అది అన్ని కుళాయిలకూ పట్టదు. రెండున్నర గాలన్లు కాచేవాళ్లు గిన్నెను సింకులో ఐసు నీళ్లలో పెట్టుకుంటే సరిపోతుంది. చలి ఉన్న రాష్ట్రాలవాళ్లకు పంపు, ఐసు గొడవే అక్కర్లేకపోవచ్చు, కానీ చుట్టను గరాజ్‌లో తగిలించే ముందు లోపలి నీళ్లు పూర్తిగా ఊదేయండి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో ఇళ్ల పైపులే పగిలాయి. మిగిలిన గుక్కెడు నీళ్లు గడ్డకడితే ఈ పలచటి రాగి ఆగదు.